నీళ్ళ డబ్బాకి కట్టిన ముడి

ఇంటికి రంగులు వేయిద్దామని మా ఆవిడ అన్నప్పుడే నేను వద్దనాల్సింది. రంగులంటే గోడలతో పోయే వ్యవహారం కాదు. అటక మీది సామాను దించాలి, మూడు తరాల చెత్త బయటపడాలి, ఒకరు పారేద్దామనాలి, ఒకరు ఉండనిమ్మనాలి. మా ఇంట్లో ఉండనిమ్మనేది నేనే. ఆ రోజు మాత్రం మా నాన్నమ్మ ట్రంకు పెట్టె మూత తీసి, దీన్ని ఎప్పుడో పారేసి ఉంటే బాగుండేదని మొదటిసారి అనుకున్నాను. పైన ఆవిడ ముతక చీర ముక్క మడత పెట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్నేళ్ళ తరువాత కూడా బెల్లం వాసన. అనకాపల్లిలో పుట్టినవాణ్ణి కాబట్టి నాకలా అనిపించిందేమో, మా ఆవిడకి మాత్రం బొద్దింకల వాసనే వచ్చింది. ఆ గుడ్డ కింద ఒక అట్ట కవరు, కవరులో నా సర్టిఫికెట్టు. రాజస్థాన్ ఎడారిలో సైకిలు యాత్ర పూర్తి చేసినందుకు మా కాలేజీ ఇచ్చింది. నా పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. "ఇదెప్పుడండీ? నాకెప్పుడూ చెప్పలేదే" అంది మా ఆవిడ. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేను చెప్పని సంగతి ఒకటి మిగిలి ఉందని ఆవిడకి ఆశ్చర్యం. చెప్పుకునేదైతే చెప్పనా?

మాది బెల్లం కొట్టు. రోడ్డు మీదికి కొట్టు, వెనక ఇల్లు. తెల్లారకముందే బళ్ళు వచ్చి నిలబడేవి. ఎడ్ల మెడల్లో మువ్వలు, హమాలీల కేకలు, గోనెపట్టాల దుమ్ము, వాటన్నిటినీ కప్పేసే ఆ తీపి వాసన. మా తాతయ్య దిమ్మల మధ్య తిరుగుతూ ఒకదాని దగ్గర ఆగి, గోటితో గీరి, నాలిక చివర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "కశింకోట వైపు సరుకు. చెరుక్కి నీరెక్కువైంది" అనేవాడు. ఆయన మాట ఎప్పుడూ తప్పలేదంటారు. తప్పిందని ఆయన ముఖం మీద చెప్పే ధైర్యం ఎవరికుందో నాకు తెలియదు. నాన్నమ్మ రాజ్యం వాకిట్లో. నీళ్ళ కుండ పక్కన ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో నిమ్మకాయంతేసి బెల్లం ముక్కలు, చీమలు పట్టకుండా పళ్ళెం కింద నీళ్ళు పోసిన మరో పళ్ళెం. బండివాడు వచ్చినా, పోస్టుమాన్ వచ్చినా, దారి అడగడానికి ఎవరు ఆగినా ముందు బెల్లం, తరువాత నీళ్ళు. "ఉత్త నీళ్ళు ఇయ్యకూడదురా నాయనా. పగోడికైనా ఇయ్యకూడదు" అనేది. ఎండాకాలం వస్తే గంగాళంలో పానకం. నిమ్మకాయలు పిండి, మిరియాలు దంచి వేసి, చేసిన గంటలో వీధి వీధంతా పంచేసేది. పూజలూ వ్రతాలూ మా ఇంట్లో ఎన్ని జరిగినా, నాకు పట్టుబడ్డ మతం మాత్రం ఆ పళ్ళెం ఒక్కటే.

నాతో చదివిన నూకరాజుది పూడిమడక. తండ్రి సముద్రం మీద వేటకి వెళ్ళే మనిషి. తల్లి అనకాపల్లి బజారులో చేపలు అమ్మేది. చేపల బుట్టలు బస్సులో ఎక్కనిచ్చేవారు కాదు. అందుకని పొద్దున్నే పడవలు ఒడ్డుకి రాగానే బుట్టని సైకిలు క్యారియరుకి కట్టి, ఎదురుగాలిలో అంత దూరమూ తొక్కుకుంటూ వచ్చేవాడు. తల్లి బస్సులో వెనక వచ్చేది. బస్సు కన్నా తన కొడుకే ముందొచ్చిన రోజులున్నాయని ఆవిడ బజారులో అందరికీ చెప్పేది. బుట్ట దింపి, కొళాయి దగ్గర చేతులు రుద్దుకుని, చొక్కా మార్చుకుని కాలేజీకి వచ్చేవాడు. క్లాసులో అతని పక్కన కూర్చోడానికి కొందరు ముక్కు చిట్లించేవారు. నేను కూర్చునేవాణ్ణి. గొప్పకి చెప్పడం లేదు. బెల్లం ఈగలు నా వెంట, చేపల ఈగలు అతని వెంట తిరిగేవి కనుక ఇద్దరికీ పొత్తు కుదిరింది. బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళం. మా నాన్నమ్మ అతన్ని వాకిలి దాటి లోపలికి రానిచ్చేది కాదు. కాని బెల్లం ముక్క మాత్రం అందరికన్నా పెద్దది ఏరి ఇచ్చేది. ఆ రెండూ ఒకే చేత్తో ఎలా చేసేదో నాకప్పుడు తోచలేదు, ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు.

సైకిలు యాత్ర మా పి.డి. మాస్టారి ఆలోచన. ఆటలు నేర్పే మాస్టారు, మీసం దగ్గర్నుంచి బూటు దాకా మిలిటరీ మనిషి. ఎడారే ఎందుకంటే, కష్టం ఉన్నచోటే మనిషి తేలతాడనేవారు. ఆయన్ని కలుపుకుని ఎనమండుగురం. సైకిళ్ళు రైల్లో వేసుకుని జోధ్‌పూర్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి జైసల్మేరు వైపు తొక్కడం. చలికాలంలో వెళ్ళాల్సింది, అనుమతులు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. యాత్ర పూర్తి చేసిన ప్రతివాడికీ సర్టిఫికెట్టు ఇస్తారు. విశాఖపట్నంలో ఒక కంపెనీ ఆటగాళ్ళకని కొన్ని ఉద్యోగాలు అట్టేపెట్టిందనీ, ఈ కాగితం ఉన్నవాడి గురించి తానే స్వయంగా వెళ్ళి చెబుతాననీ మాస్టారు అన్నారు. నాలాంటి వాళ్ళకి అది వినోదం. నూకరాజుకి కాదు. అతని అన్నయ్య వేటకి వెళ్ళి, తుపానులో చిక్కి తిరిగి రాలేదు. మేం రైలెక్కే రోజు వాళ్ళమ్మ స్టేషనుకి వచ్చి, ఎవరికి మొక్కాలో తెలియనట్టు మాస్టారికీ, రైలుకీ, సైకిలుకీ కూడా దణ్ణం పెట్టింది. "పెద్దోణ్ణి గంగమ్మ తీసుకెల్లిపోనాది బాబూ. ఈడొక్కడైనా గట్టుమీద బతకాల. ఆ కాయితమేదో ఈడికి ఇప్పించండి బాబూ" అంది. నేను పక్కనే ఉన్నాను. ప్రతి అక్షరమూ విన్నాను.

తిండి సంచీ, నీళ్ళూ మాస్టారు నూకరాజుకి అప్పగించారు. అందుకు కారణం అతనే చెప్పాడు. "మా పడవలో నీళ్ళ డబ్బా ఒక్కడికే అప్పగిత్తారండి. ఆడు తప్ప ఎవడూ మూత తియ్యడు. అందులో సెయ్యెట్టకూడదు, గ్లాసు ముంచకూడదు, ఏటీ కలపకూడదు. నీళ్ళు పాడైతే నీళ్ళోడిదే తప్పు" అన్నాడు. ఎవరి సీసా వాళ్ళ సైకిలుకి ఉండేది. అవికాక రెండు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు, సాయంత్రం నింపి, మూతి మీద గుడ్డ వేసి, మూత బిగించి, తాడుతో కట్టేవాడు. వల కట్టే ముడి వేసేవాడు. తడిసేకొద్దీ బిగుసుకునే ముడి. మర్నాడు సగం దారి దాటేదాకా ఆ డబ్బాలు విప్పేది లేదు. ఎవరు బతిమాలినా నవ్వేవాడే కాని విప్పేవాడు కాదు. మా నాన్నమ్మ ఆ చీర ముక్కలో మూటగట్టి ఇచ్చిన బెల్లం కూడా అతని తిండి సంచీలోకే చేరింది. మొదటి రోజు అందరూ తలా ఒక ముక్క తిన్నారు. దాహం ఎక్కువవుతోందని రెండో రోజు నుంచి ఎవరూ ముట్టలేదు. ఒకడు దాన్ని ఇటుక అన్నాడు. నాకు చురుక్కుమంది. అనకాపల్లి బెల్లాన్ని ఇటుక అంటాడా!

మూడో రోజు సాయంత్రం ఒక చిన్న ఊళ్ళో ధర్మసత్రంలో దిగాం. ఇంకా పొద్దు కుంకలేదు. నూకరాజు డబ్బాలు నింపి, కట్టి, పంక్చరైన టైరు బాగు చేయించడానికి బజారుకి వెళ్ళాడు. మిగతావాళ్ళు నడుం వాల్చారు. నేను ఒక్కణ్ణే వసారాలో కూర్చుని ఆ డబ్బాల వంక చూశాను. మర్నాటిది అన్నిటికన్నా పొడుగైన దారి. మధ్యలో పెద్ద ఊళ్ళేవీ లేవని మాస్టారు చెప్పారు. ఇంత దూరం వచ్చి, నా వాళ్ళందరికీ ఉత్త నీళ్ళు తాగిస్తానా అనిపించింది. పానకమైతే రుచికి రుచి, సత్తువకి సత్తువ. మధ్యాహ్నం మూత తీసేసరికి అందరి ముఖాలూ ఎలా వెలుగుతాయో ఊహించుకున్నాను. ఇటుక అన్నవాడి ముఖం మరీను. తిండి సంచీలోంచి మూట తీసి, బెల్లం చితక్కొట్టి, రెండు డబ్బాల్లోనూ వేసి, సంచీలోనే ఉన్న రెండు నిమ్మకాయలు పిండి, బాగా కుదిపి, మళ్ళీ గుడ్డ వేసి, మూత బిగించి, తాడు కట్టాను. ఖాళీ గుడ్డ నా సంచీలో కుక్కుకున్నాను. నూకరాజు ముడి విప్పగలిగాను కాని వేయడం నాకు రాలేదు. నాకొచ్చింది ఒక్కటే, బస్తా మూతి కట్టే మా కొట్టు ముడి. మర్నాడు తెల్లారకముందే, ఎండ తగలకుండా డబ్బాలకి తడి గోనెపట్టాలు నేనే చుట్టేయడంతో ఆ ముడి ఎవరికీ కనబడలేదు.

చేసిన గంటలో తాగితే పానకం. ఒక రాత్రి, సగం పగలు మూతబెట్టి ఎండలో ఊపితే అది పానకం కాదు. కొండవైపు నుంచి నల్లబెల్లం కొనడానికి వచ్చేవాళ్ళు దాన్ని సారా కాయడానికే కొంటున్నారని తెలిసి కూడా మా తాతయ్య అడిగేవాడు కాదు. నీళ్ళలో మగ్గిన బెల్లం ఏమవుతుందో అనకాపల్లిలో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. బెల్లం కొట్లో పుట్టి, బెల్లం బస్తాల మీద పడుకుని చదువుకున్న నాకు తట్టలేదు. వినాశకాలే విపరీతబుద్ధి అంటారు. నాది విపరీతబుద్ధి కూడా కాదు, ముద్దపప్పు బుద్ధి.

ఆ రోజు పొద్దున్న దారి బాగానే ఉంది. చల్లగాలి, నున్నటి రోడ్డు. సబ్బవరం రాంబాబు అనే కుర్రవాడు మాలో అందరికన్నా బక్కవాడు, అందరికన్నా గట్టిగా పాడేవాడు. వాడి పాటకి లయగా తొక్కుతున్నాం. పొద్దెక్కేకొద్దీ ఆకాశానికి రంగు పోయింది. ఇటు చూస్తే ఇసక, అటు చూస్తే ఇసక, మధ్యలో నల్లటి రోడ్డు, ఆ రోడ్డు మీదికి కూడా పాకుతూ వచ్చే ఇసక. అది అడ్డం పడ్డచోట దిగి సైకిళ్ళు నెట్టుకోవాల్సి వచ్చేది. ఇసకంటే మాకు పూడిమడక ఇసకే తెలుసు. కాళ్ళు కాలితే నాలుగు అంగల్లో నీళ్ళున్నాయి. ఇక్కడ ఎన్ని అంగలు వేసినా ఇసకే. ఎక్కడో ఒక ఒంటె ముళ్ళకంప నములుతూ మమ్మల్ని చూసేది. ఒకచోట జిల్లేడు మొక్క కనబడితే ఊరి చుట్టం కనబడ్డట్టు అందరం దాని చుట్టూ నిలబడ్డాం. గాలి ముఖం మీద కొడుతుంటే పెదవులు చిట్లాయి. సీసాలు అయిపోయాయి. రాంబాబు పాట మానేశాడు. నాకు మాత్రం లోపల కులాసా. డబ్బాలున్నాయిగా అనుకుంటున్నాను.

ఒక మైలురాయి నీడలో మాస్టారు ఆగమన్నారు. మైలురాయికి నీడెంత? అయినా ఆగాం. నూకరాజు గోనెపట్టా ఊడదీసి, తాడు వంక చూసి, ఒక్క క్షణం ఆగాడు. అప్పుడు మూత తిప్పాడు. బుస్సుమని నురగ పొంగి అతని చేతుల మీదుగా ఇసకలోకి కారింది. కల్లు కుండ విప్పినట్టు వాసన. రెండో డబ్బా కూడా అంతే. దాహానికి ఆగలేక రాంబాబు లాక్కుని గటగటా తాగేశాడు. తాగిన కాసేపటికి కక్కుకున్నాడు. లేచి నాలుగడుగులు తొక్కి, సైకిలుతో సహా రోడ్డు పక్కకి ఒరిగిపోయాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి కాని మమ్మల్ని చూడటం లేదు. వాడు చచ్చిపోతాడని నేను నిజంగా అనుకున్నాను.

నూకరాజు ఎవరినీ ఏమీ అడగలేదు. రాంబాబుని తన వీపుకి తువ్వాళ్ళతో కట్టించుకున్నాడు. మేకల అడుగులు రోడ్డు దాటి ఒక వైపే పోతున్నాయని అతనే చూశాడు. "పొద్దెక్కినాక మేకలు నీళ్ళకాడికే ఎల్తాయండి" అని మాస్టారితో అని, తొక్కడం మొదలుపెట్టాడు. బజారుకి చేపలు మోసిన కాళ్ళు అవి. ఇసకలో చక్రం కూరుకుపోతుంటే లేచి నిలబడి తొక్కాడు. మేం వెనకపడ్డాం. మేం చేరేసరికి నాలుగైదు గుండ్రటి గుడిసెలు, ముళ్ళకంచె, నేలలో కట్టిన నీళ్ళ తొట్టి. ఒక ముసలావిడ ముసుగు సరిచేసుకుంటూ రాంబాబు తల తడుపుతోంది. వాడు మూలుగుతున్నాడు. మూలుగుతున్నాడంటే బతికాడు. ఆవిడ మాకందరికీ దోసిళ్ళు పట్టమని సైగ చేసి, చెంబుతో ఎత్తు నుంచి సన్నగా పోసింది. కింద ఒక్క చుక్క పడనివ్వలేదు. నీళ్ళతో పాటు బెల్లం లేదు, ఏమీ లేదు. అంతకు మించినది ఆ ఇంట్లో ఏముంటుంది? అంత గొప్ప మర్యాద నాకు మళ్ళీ ఎక్కడా జరగలేదు.

రాంబాబు లేచి కూర్చున్నాక మాస్టారు మమ్మల్ని వరసగా నిలబెట్టారు. "ఆ డబ్బాల్లో బెల్లం కలిపిందెవడు?" ఆయన చూపు వరస చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. "సూరిబాబూ, బెల్లం మీ ఇంటిదే కదా?" అన్నారు నన్ను చూసి.

చెప్పేద్దామనే నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, చెప్పేద్దామనే. ఇటుక అన్నవాడు నన్నే చూస్తున్నాడు. బెల్లం కొట్టువాడికి బెల్లం సంగతి తెలియదని ఊరంతా నవ్వుతారనిపించింది. మా నాన్న తలెత్తి కొట్లో కూర్చోలేడనిపించింది. "మాదేనండి. సంచీ మాత్రం నూకరాజు దగ్గరే ఉంది సార్" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే ఇన్నేళ్ళు నన్ను తింది. అబద్ధమైతే ఏ రోజో ఒప్పుకుని లెంపలేసుకునేవాణ్ణి. నిజాన్ని పట్టుకుని మనిషి గొంతు కోస్తే ఏమని ఒప్పుకోవాలి? నూకరాజు మణికట్టుకి ఇంకా ఆ తాడుంది. నేను వేసిన ముడిని విప్పకుండా, మూత నుంచి పక్కకి లాగేశాడు కాబోలు, బస్తా ముడి అలాగే ఉంది. దాని వంక చూశాడు. నా వంక చూశాడు. మా కొట్టు ముందు ఆ ముడి వేసే చేతుల్ని అతను రోజూ చూసినవాడే. "నేనేనండి" అన్నాడు.

మాస్టారు కొట్టలేదు. కొట్టినా బాగుండేది. "నిన్ను నమ్మి ప్రాణాలు అప్పగించాను. సర్టిఫికెట్టు మీద నీ పేరు రాయను, కంపెనీలో నీ గురించి చెప్పను" అన్నారు. అంతే. మిగిలిన దారి ఎండ తగ్గాక తొక్కాం. రోజూ అందరికన్నా ముందుండే నూకరాజు ఆ సాయంత్రమంతా నా పక్కనే తొక్కాడు. ఒక్క మాట మాట్లాడలేదు. నేను వేగం పెంచితే పెంచాడు, తగ్గిస్తే తగ్గించాడు. కోపంతో అలా వెంటపడుతున్నాడనుకుని, నేను హ్యాండిలు మీంచి తల ఎత్తలేదు.

కాలేజీ హాల్లో సర్టిఫికెట్లు ఇచ్చిన రోజు అతను రాలేదు. ఆ ఏడాది దాటకుండానే చదువు మానేసి పడవెక్కాడు. చేపల బజారులో వాళ్ళమ్మ కనబడితే నేను అవతలి వైపుకి దాటిపోయేవాణ్ణి. మా నాన్న తరువాత కొట్టు తమ్ముడు చూసుకున్నాడు. నేను పరీక్ష రాసి ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, కథలూ గట్రా రాసుకుంటూ రిటైరయ్యాను. నా ఉద్యోగానికి ఆ సర్టిఫికెట్టు ఎవరూ అడగలేదు, నేను చూపించలేదు. ఇంటికి తెచ్చిన రోజే నాన్నమ్మ చేతిలో పెట్టాను. బెల్లం కట్టిన గుడ్డతో పాటే దాచింది కాబోలు. నా మనసుకి నేను చెప్పుకున్న సమాధానం ఒకటుంది. నీళ్ళు పాడైతే నీళ్ళవాడిదే తప్పని వాళ్ళ పడవల్లో ఆచారం, ఆచారం ప్రకారం ఒప్పుకున్నాడు, నా కోసమేం కాదు అని. ఆ మాటతో చాలా ఏళ్ళు కాలక్షేపం చేశాను.

ఈ కవరు దొరికాక ఇక కుదరలేదు. రెండు రోజులు చూసి, మూడో రోజు పొద్దున్నే దాన్ని చేతిసంచీలో పెట్టుకుని ఆటో ఎక్కాను. అప్పట్లో నూకరాజు బుట్టతో వచ్చిన దారే. చెరుకు తోటలున్న చోట ఇప్పుడు ఫ్యాక్టరీల గోడలు, గొంతు పట్టేసే వాసన, కూలీలని మోసుకెళ్ళే బస్సులు. ఎదురుగా హెల్మెట్లూ బిగుతు బట్టలూ వేసుకుని పదిమంది సైకిళ్ళ మీద పోతున్నారు. ఒక్కొక్కరి సైకిలుకి రెండేసి సీసాలు. వాళ్ళ వెనక నీళ్ళ పెట్టెలతో ఒక జీపు. మంచిదే, ఒకరి నీళ్ళకి ఇంకొకరు పూచీ పడనక్కర్లేదు. మా ఇంట్లో కూడా వాకిట్లో పళ్ళెం ఏనాడో పోయింది. ఎవరొచ్చినా ఫ్రిజ్‌లో సీసా తీసి ఇస్తాం. నాకు షుగరు, బెల్లం ముట్టకూడదు. అనకాపల్లి శెట్టికి బెల్లం నిషిద్ధం. నాన్నమ్మ ఉంటే డాక్టర్ని వాకిట్లోనే నిలబెట్టేది.

నూకరాజు ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టు తెల్లబడింది, చెయ్యి మాత్రం ఆ చెయ్యే. "బావా!" అని లేచాడు. నిన్న కాక మొన్న విడిపోయినట్టే పిలిచాడు. అతని భార్య పైడమ్మ కుర్చీ వేసి, లోపలికి వెళ్ళి స్టీలు పళ్ళెంలో బెల్లం ముక్కా, గ్లాసుతో నీళ్ళూ తెచ్చింది. "అనకాపల్లోళ్ళు ఉత్త నీళ్ళు తాగరట గదా. ఈయనే సెప్తాడు" అంది. డిగ్రీ చదివే మనవరాలు దేవి గుమ్మంలో నిలబడి, "అయితే మీరు మా తాతతో ఎడారికి వెళ్ళేరా?" అని అడిగింది. అవునన్నాను.

"తాత నీళ్ళల్లో బెల్లం కలిపేసి అందరిచేత కల్లు తాగించేడట గదా!" అని పకపకా నవ్వింది. "మా ఇంట్లో అందరికీ తెల్సు ఆ కథ."

పైడమ్మ కూడా నవ్వింది. "ఆ బెల్లం లేకపోతే ఈపాటికి వైజాగులో పింఛను తీసుకుంటుండీవోడు. ఏటకెల్లి ఉత్త సేతుల్తో వచ్చినప్పుడల్లా అదే తిట్టీదాన్ని బాబూ. తుపాను రోజుల్లో మరీను. ఒక్క రోజు నోరు సంబాళించుకుంటే మా బతుకు గట్టుమీద ఉండీది గదా అని తిట్టీదాన్ని."

నూకరాజు నవ్వుతూనే నా వంక చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆ గుడిసెల దగ్గర చూసిందే. ఈసారి నేను తల దించలేదు.

"ఆ బెల్లం కలిపింది నేనమ్మా. మీ తాత కాదు" అన్నాను.

దేవి నవ్వు ఆగిపోయింది. పైడమ్మ నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే హాయిగా ఉండేది. ఆవిడ నన్ను చూడనే లేదు. మొగుడి వంక తిరిగింది. "నిజమేటి?" అంది. అతను వల కన్నులోకి దారం దూర్చాడు. "ఇన్నేళ్ళు నా సేత తిట్లు తిన్నావు. నాకైనా సెప్పలేదేటి?"

"ఆడు సెప్పాల్సిన మాట నేనెలా సెప్తానే" అన్నాడు నూకరాజు. నా వైపు తిరిగాడు. "ముడి సూడగానే తెల్సింది బావా. నేనే అని ఎందుకన్నాననుకున్నావు? 'కాదు సార్, నేను కలిపేను' అని నువ్వంటావనుకున్నాను. మాస్టారి ముందు నోరు రాలేదేమోలే, దారిలో అంటావని సాయంత్రం దాకా నీ పక్కనే తొక్కేను."

ఏం చెయ్యాలో తెలియక సంచీలోంచి కవరు తీసి అతని ఒళ్ళో పెట్టాను. దేవి దాన్ని తీసుకుని పైకి చదివింది. నా పేరు, ధైర్యం, క్రమశిక్షణ, తోటివారి పట్ల బాధ్యత. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించేసింది. నూకరాజు కాగితం అందుకుని, మాస్టారి సంతకం మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. "మాస్టారు దస్తూరీ" అన్నాడు. తరువాత, "నీ ఆఫీసు ఉద్యోగం దీంతోనే గదా వచ్చింది? మా యమ్మ బజార్లో విని వచ్చి సెప్పింది. సూరిబాబుకి ఉద్యోగం వచ్చిందిరా అని" అన్నాడు.

అవునంటే పోయేది. ఒక్క అబద్ధం. కాని ఇంత దూరం వచ్చాను. "లేదు బావా. ఇదెవరూ అడగలేదు. నాన్నమ్మ పెట్టెలో ఉండిపోయింది. మొన్న అటక దులిపితే దొరికింది."

అతను కాగితాన్ని ఉన్న మడతల మీదే జాగ్రత్తగా మడిచి, కవరులో పెట్టి, నా చేతికి తిరిగి ఇచ్చేశాడు. "పోనీలే, నీకైనా పనికొచ్చిందనుకున్నాను బావా ఇన్నాళ్ళూ" అన్నాడు.

వల ఎత్తుకుని ఒడ్డుకి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. దేవి అతని వెంట వెళ్ళింది. నేను లేవబోతే పైడమ్మ, "నీళ్ళు తాగి ఎల్లండి బాబూ" అంది. పళ్ళెం వంక చూశాను. బెల్లం ముక్క ఆవిడ ఎప్పుడు తీసేసిందో తీసేసింది. గ్లాసెత్తి ఆ ఉత్త నీళ్ళు తాగాను.